రిపోర్టు నార్మల్ అన్నారు, మనిషి మాత్రం మామూలుగా లేదు: హైపర్ థైరాయిడ్ ట్రీట్‌మెంట్ తర్వాత జీవితం

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. మీ ఆవిడకి 31 ఏళ్ళు, గ్రేవ్స్ అని తేలింది (ఒంట్లోని యాంటీబాడీలే థైరాయిడ్‌ని రెచ్చగొట్టి హార్మోను ఎక్కువ చేయించే జబ్బు, ఆ ఎక్కువనే హైపర్ అంటాం), ఆ హార్మోనుని తగ్గించే కార్బిమజోల్ మాత్రలు ఏడాదిన్నర వాడి ఆపితే నాలుగు నెలలకే తిరగబెట్టింది, ఎనిమిది నెలల కింద రేడియో అయోడిన్ ఇచ్చారు. థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ రెండు నెలల కింద 1.1, మొన్న 4.6, ల్యాబ్ వాళ్ళ రేంజ్ 5.5 దాకా ఉంది కాబట్టి అంతా బానే ఉంది, ఆరు నెలల తర్వాత రండి అన్నారు. ఇంట్లో చూస్తే ఆవిడ 9 కిలోలు పెరిగింది, పొద్దున మంచం దిగలేకపోతోంది, దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా వస్తోంది, చిన్న మాటకే ఏడుస్తోంది, మీ అమ్మగారేమో రిపోర్టులన్నీ బాగున్నాయిగా ఇంకా ఏం జబ్బు అంటున్నారు. మీరు అడిగింది ఒక్కటే, ఇక జీవితమంతా ఇంతేనా అని. చివర్లో రెండో బిడ్డ గురించి కూడా ఒక లైను రాశారు.

ఇంతే కాదండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మొదలుపెడతా. ఆవిడ నాటకం ఆడట్లేదు, ఆవిడ చెప్పే ప్రతి లక్షణానికీ ఒంట్లో కారణం ఉంది, అందులో కొన్ని ఈ వారంలోనే తేల్చుకోగలిగేవి, కొన్ని నెలలు పట్టేవి, రెండూ కలిపి చూడబట్టే మీకు ఇంత అయోమయంగా ఉంది.

నేను ఎండోక్రైనాలజీ చేసి 19 ఏళ్ళుగా గోదావరి జిల్లాల్లో థైరాయిడ్ పేషంట్లనే ఎక్కువగా చూస్తున్నాను. మొదటి మూడు నాలుగేళ్ళు నేను కూడా రిపోర్టు చూసి, అంతా బాగుందమ్మా అని పంపించేసేదాన్ని. ఒక టీచర్ గారు వచ్చేవారు, రేడియో అయోడిన్ అయ్యి మూడు నెలలు, టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించాను, 0.8 వచ్చింది, బాగుంది వెళ్ళండి అన్నా. ఆవిడ రిపోర్టుని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అయితే తప్పు నాలోనే ఉందన్నమాట మేడమ్" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఐదు నెలల తర్వాత వాళ్ళాయన తీసుకొచ్చారు, ముఖం ఉబ్బిపోయి, గొంతు బొంగురుపోయి, టీఎస్‌హెచ్ 60 దాటింది. ఆరోజు నేను ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే అసలు హార్మోను, కూడా అడిగి ఉంటే మూడో నెలలోనే దొరికేది. ఎందుకంటే ఒంట్లో హార్మోను నెలల తరబడి ఎక్కువగా ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ తయారుచేసే పిట్యుటరీ (మెదడు కింద ఉండే చిన్న గ్రంథి) మూగబోతుంది, తర్వాత థైరాయిడ్ పడిపోయినా అది వెంటనే నోరు తెరవదు, టీఎస్‌హెచ్ పెరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా మనం టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే కొందరిలో అది నార్మల్ గీతల మధ్యే కనబడుతుంది, మనిషి మాత్రం అప్పటికే హైపో లోకి, అంటే హార్మోను తక్కువైన స్థితిలోకి, జారిపోయి ఉంటుంది. ఆ టీచర్ గారి మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు, అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఇప్పుడు మీ ఆవిడ నంబర్లు. రెండు నెలల్లో 1.1 నుంచి 4.6 కి వచ్చింది. రేంజ్ లోపలే ఉంది, నిజమే, కానీ చూడాల్సింది అది ఎటు పోతోందనేది. రేడియో అయోడిన్ పని చేయడం అంటేనే ఆ గ్రంథి కణాలు మెల్లగా చచ్చిపోవడం, కాబట్టి గ్రేవ్స్‌లో ఎక్కువమంది మొదటి ఏడాదిలోనే హైపో అవుతారు, అది ట్రీట్‌మెంట్ చెడిపోవడం కాదు, ముందే ఊహించాల్సిందే. అలాంటి మనిషిలో టీఎస్‌హెచ్ పైకి ఎక్కుతోంది, బరువు పెరుగుతోంది, నీరసం, జుట్టు, ఏడుపు... ఆరు నెలలు ఆగడం నాకు నచ్చలేదు. మొదటి ఏడాది నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, కుదురుకునే దాకా చూడాలి.

ఇంకో సంగతి, మీరు మధ్యలో ఎక్కడో రాశారు, జుట్టు కోసం బయోటిన్ టాబ్లెట్ రోజూ వేసుకుంటోంది అని. ఇది చాలామందికి తెలియదు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా అడగరు. చాలా ల్యాబ్ మెషీన్లు టెస్ట్ లోపల బయోటిన్ రసాయనాన్నే వాడతాయి, కాబట్టి 5, 10 మిల్లీగ్రాముల జుట్టు టాబ్లెట్లు వేసుకునేవాళ్ళ రక్తంలో ఆ మెషీన్ లెక్క తప్పుతుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఫ్రీ టీ4 ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అంటే మీ ఆవిడ అసలు టీఎస్‌హెచ్ 4.6 కంటే ఎక్కువే అయ్యుండొచ్చు. అయ్యే ఉంటుందని నేను అనట్లేదు, ఆ ల్యాబ్ ఏ మెషీన్ వాడుతుందో నాకు తెలియదు కదా, కానీ టాబ్లెట్ మూడు రోజులు ఆపి మళ్ళీ రక్తం ఇస్తే విషయం తేలిపోతుంది. పోయే జుట్టుకి బయోటిన్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు కూడా, అది థైరాయిడ్ హెచ్చుతగ్గుల వల్ల రాలుతున్న జుట్టు, హార్మోను కుదిరాక ఆర్నెల్లకి మళ్ళీ వస్తుంది, మొదట నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి చూడండి, అదే గుర్తు.

సరే, రక్తం సంగతి అలా ఉంచితే అసలు ప్రశ్నకి వద్దాం. నంబర్లు నిజంగానే సరైన చోట ఉన్నా కూడా చాలామందికి వెంటనే మామూలుగా అనిపించదు. ఎందుకంటే హైపర్‌లో ఉన్న ఆ ఏడాదో రెండేళ్ళో ఒళ్ళు తనని తానే తినేసింది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, ఇవి మొదట పోతాయి, కొన్ని వారాల్లోనే. కండ మాత్రం అంత తొందరగా రాదు. తొడల దగ్గర, భుజాల దగ్గర కండ కరిగిపోతుంది, కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు, బావిలోంచి నీళ్ళు తోడినట్టు జడ వేసుకోవడానికి చేతులు ఎత్తినా అలుపొస్తుంది, అది తిరిగి రావడానికి చాలా నెలలు పడుతుంది. మనసు ఇంకా నెమ్మది. మతిమరుపు, పట్టలేని చిరాకు, ఉన్నట్టుండి దుఃఖం, ఇవి ఏడాది దాటినా కొంతమందిలో అక్కడక్కడా ఉంటాయి.

మండపేట వైపు నుంచి ఒకావిడ వచ్చేది, బ్లౌజులు కుట్టేది. మొదటిసారి వచ్చినప్పుడు చేతులు చాపించి వేళ్ళ మీద కాగితం పెడితే అంచులు టపటపా కొట్టుకున్నాయి. ఆవిడ బాధల్లా ఏంటంటే సూదిలో దారం ఎక్కట్లేదు, హుక్కులు కుట్టడానికి పక్కింటి పిల్లని పిలవాల్సొస్తోంది అని. మందులు మొదలుపెట్టిన ఆరు వారాలకి నా టేబుల్ మీదే బ్యాగులోంచి సూదీ దారం తీసి ఒక్కసారికే ఎక్కించి చూపించింది, ఇద్దరం సంతోషపడ్డాం. కానీ అప్పుడే అడిగా, మిషను ఎంతసేపు తొక్కగలుగుతున్నావు అని. అరగంట మేడమ్, తర్వాత తొడలు పట్టేస్తున్నాయి అంది. ముందు రోజుకి ఎనిమిది గంటలు తొక్కేది. మళ్ళీ ఆరు గంటలకి రావడానికి పది నెలలు పట్టింది. చేతులు ఆరు వారాలు, కాళ్ళు పది నెలలు, మనిషి ఒక్కరే, రిపోర్టు ఒక్కటే. అందుకే నేను ఇప్పుడు నంబర్లతోపాటు పేషంటుని వాళ్ళ పని గురించే అడుగుతా, ఎన్ని మెట్లు ఎక్కగలుగుతున్నావు, కింద కూర్చుని లేస్తున్నావా, పిల్లాడికి హోంవర్క్ చెప్పేటప్పుడు కసురుకుంటున్నావా, చదివిన పేజీ గుర్తుంటోందా అని.

ఇలా అడగడం నేను కనిపెట్టిందేమీ కాదు. డెన్మార్క్‌లో టార్క్విల్ వాట్ అనే డాక్టర్ వాళ్ళ బృందం థైరాయిడ్ పేషంట్ల కోసమే థైప్రో అని ఒక ప్రశ్నల పట్టిక తయారు చేసింది, నీరసం, ఆందోళన, ఏకాగ్రత, కళ్ళు, అందం గురించి బెంగ, దాంపత్య జీవితం, నలుగురిలో కలవడం, అన్నీ పేషంటు నోటితోనే చెప్పించేది, 39 ప్రశ్నల చిన్న రూపం కూడా ఉంది. స్వీడన్‌లో 2003 నుంచి 2005 మధ్య గ్రేవ్స్ బయటపడినవాళ్ళలో 1186 మందిని 6 నుంచి 10 ఏళ్ళ తర్వాత ఇదే పట్టికతో అడిగారు, 2019లో అచ్చయింది. అన్నేళ్ళ తర్వాత కూడా వాళ్ళ జీవిత నాణ్యత మామూలు జనం కంటే కొంత తక్కువగానే ఉంది. మందులు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ కంటే రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్ళలో ఇంకాస్త తక్కువగా కనబడింది.

ఇది చదివి మేం తప్పు చేశామా అని మీరిద్దరూ కుమిలిపోకండి, అందుకే మిగతాది కూడా చెప్తున్నా. ఆ స్టడీలో ఎవరికి ఏ ట్రీట్‌మెంట్ అనేది చీటీలు తీసి పంచలేదు, మొదటి నుంచీ జబ్బు తీరు వేరుగా ఉన్నవాళ్ళు ఒక్కో వైపు చేరి ఉండొచ్చు. అదే స్వీడన్‌లో అంతకుముందు 179 మందిని చీటీల పద్ధతిలో పంచి చేసిన స్టడీ ఒకటి ఉంది, వాళ్ళని 14 నుంచి 21 ఏళ్ళ తర్వాత అడిగితే మూడు ట్రీట్‌మెంట్ల మధ్య పెద్ద తేడా దొరకలేదు, మూడింటిలోనూ మామూలు జనం కంటే కాస్త తక్కువే. రెండూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే, ఈ జబ్బు తర్వాత కొంతమందిలో ఏళ్ళ తరబడి మచ్చ మిగులుతుంది, అది పేషంటు బలహీనత కాదు, అందుకే ట్రీట్‌మెంట్ ఎంచుకునే రోజే ఈ మాట చెప్పాలి. మీ ఆవిడకి మందులు ఏడాదిన్నర వాడాక తిరగబెట్టింది, దాదాపు సగం మందికి అలాగే తిరగబెడుతుంది, అప్పుడు దారులు మూడు, మళ్ళీ తక్కువ డోసు మందులు ఏళ్ళ తరబడి, లేదా రేడియో అయోడిన్, లేదా ఆపరేషన్. ఆపరేషన్‌లో కాల్షియం పడిపోవడం, గొంతు మారడం లాంటి భయాలు ఉన్నాయి, అనుభవమున్న సర్జన్ దొరకాలి. మందులకి వాటి ప్రమాదాలు వాటికున్నాయి. రేడియో అయోడిన్‌ని 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ మొదటిసారి ఇచ్చారు, ఎనభై ఏళ్ళకి పైగా లక్షలమంది తీసుకున్నారు. మీరు తీసుకున్నది సరైన నిర్ణయాల్లో ఒకటి. తక్కువైంది ఆ తర్వాత చూసుకోవడం.

బరువు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్ళని అన్నిటికంటే ఎక్కువ కుంగదీసేది ఇదే. హైపర్‌లో ఉన్నప్పుడు గాజులు మోచేతి దాకా జారిపోయేవి, పెళ్ళి నాటి బ్లౌజులు మళ్ళీ పట్టాయి అని కొందరు మురిసిపోతారు కూడా, ట్రీట్‌మెంట్ అయ్యాక అవే గాజులు సబ్బు రాస్తే గానీ ఎక్కవు. జరిగేది ఏంటంటే, మొదట పోయిన బరువు తిరిగి వస్తుంది, అది రావాల్సిందే. దాని మీద ఇంకొంత ఎక్కుతుంది, ఎందుకంటే హైపర్ రోజుల్లో ఒళ్ళు కాల్చేస్తుంటే రోజుకి నాలుగుసార్లు అన్నం తినడం అలవాటైంది, ఇప్పుడు కాల్చడం తగ్గింది గానీ అలవాటు తగ్గలేదు, పైగా కండ పోయింది కాబట్టి ఖర్చు కూడా తక్కువ. బర్మింగ్‌హామ్‌లో 1373 మంది హైపర్ పేషంట్లని చూసినప్పుడు ట్రీట్‌మెంట్ మొదలైనప్పటి నుంచి సగటున ఆడవాళ్ళు 5.5 కిలోలు, మగవాళ్ళు 8 కిలోలు పెరిగారు. కాబట్టి మీ ఆవిడ 9 కిలోల్లో కొంత ఈ లెక్కలోది, కొంత ఇప్పుడు మొదలవుతున్న హైపోది అయ్యుండొచ్చు. జబ్బుకి ముందు బరువు ఎంతో రాసుకోండి, జబ్బు మధ్యలో ఉన్న బరువుతో పోల్చుకోవద్దు, అది ఆవిడ అసలు బరువు కాదు.

దీనికి అన్నం మానేసి ఉపవాసాలు ఉంటే ఉన్న కండ కూడా పోతుంది, దయచేసి అది చేయించకండి. ప్రతి పూటా పప్పో గుడ్డో పెరుగో చికెనో ఉండాలి, అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోటు కూరకి ఇవ్వండి. వ్యాయామం అంటే పొద్దున్నే గంట నడవమని కాదు, ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు, రోజుకి రెండుసార్లు. పల్స్ 90 లోపు ఉంటేనే. రెండు వారాలకి పదిహేను చేయండి. నడక తర్వాత మెల్లగా కలుపుకోవచ్చు. బ్లౌజుల ఆవిడకి కూడా నేను ఇదే చెప్పా, మిషను దగ్గరే చేసేది, ఒక్కో బ్లౌజు అయ్యాక పదిసార్లు.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి, పెద్దవాళ్ళకి థైరాయిడ్ అంటే పొద్దున్నే ఒక టాబ్లెట్ వేసుకుని పనులన్నీ చేసుకునే పక్కింటి పిన్నిగారే గుర్తొస్తారు. మీ ఆవిడది వేరు కథ అని ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి, అదీ మీరే చెప్పాలి, మీ ఆవిడ చేత చెప్పించకూడదు. అమ్మా, తన ఒంట్లో రెండేళ్ళు జ్వరం ఉన్నట్టు ఉండేది, ఇప్పుడు తగ్గింది, టైఫాయిడ్ తగ్గినవాళ్ళకి ఎన్నాళ్ళు పత్యం పెట్టి చూసుకుంటాం, అలాగే అనుకో, అంటే పెద్దవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. నేను అత్తగారి ఎదురుగా ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఆ కోడలి భుజాలు కిందకి దిగడం చూశాను. మీ ఇద్దరి మధ్య హైపర్ రోజుల్లో జరిగిన గొడవలు కూడా ఉండే ఉంటాయి, ఆ చిరాకులో చాలా భాగం హార్మోనుది, అప్పుడు ఏమందో తవ్వి తీయకండి. మీరు ఆవిడ తరఫున ఇలా అడిగారంటేనే మీరు ఆవిడ పక్కన ఉన్నారని తెలుస్తోంది, ఆ మాట ఆవిడకి కూడా తెలియనివ్వండి.

ఏడుపు విషయంలో ఒక్క జాగ్రత్త. థైరాయిడ్ సర్దుకుంటే పోతుందిలే అని అన్నీ దాని మీదకే తోయకూడదు. రెండు వారాలకి మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, బతకడం దండగ లాంటి మాటలు వస్తే సైకియాట్రిస్ట్‌కి చూపించండి, ఆ మాట వచ్చిన రోజే, థైరాయిడ్ రిపోర్టు కోసం ఆగొద్దు. ప్రభుత్వానిదే టెలి మానస్ 14416 ఉంది, ఏ టైములో చేసినా తెలుగులో మాట్లాడతారు. నీరసానికి కూడా వేరే కారణాలు పక్కనే కూర్చుని ఉంటాయి, హిమోగ్లోబిన్, బి12, షుగర్, విటమిన్ డి ఒకసారి చూడాలి, గ్రేవ్స్ ఉన్నవాళ్ళలో బి12 తగ్గే ఇంకో ఆటో ఇమ్యూన్ జబ్బు కాస్త ఎక్కువగానే కనబడుతుంది.

కళ్ళ గురించి మీరేమీ రాయలేదు, అయినా అడుగుతున్నా. రేడియో అయోడిన్ తర్వాత కొంతమందికి కళ్ళ జబ్బు బయటపడటమో ముదరడమో జరుగుతుంది, సిగరెట్ తాగేవాళ్ళలో మరీ ఎక్కువ. ఇసుక పడ్డట్టు ఉండటం, నీళ్ళు కారడం, పొద్దున రెప్పలు ఉబ్బడం ఉంటే తలగడ ఎత్తు పెంచి, కన్నీటి చుక్కల మందు వేసి, కంటి డాక్టర్‌కి చూపించండి. ఒకటి రెండుగా కనబడినా, రంగులు వెలిసినట్టు అనిపించినా, కన్ను కదిపితే నొప్పి వచ్చినా అది ఎమర్జెన్సీ, ఆర్బిట్ (కంటి గూడు) చూసే స్పెషలిస్టు కావాలి, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల ఉంటారు. హార్మోను మామూలైనా కళ్ళు వేరే దారిన పోతాయి, ఏడాది రెండేళ్ళు వాటి గోల వాటిదే. చాలామంది ఆడపిల్లలు ఫోటోలు దిగడం మానేస్తారు ఈ కళ్ళ వల్ల, నలుగురిలోకి రారు, అది కూడా జబ్బులో భాగమే అని ఎవరూ రాసుకోరు.

రెండో బిడ్డ. రేడియో అయోడిన్ తర్వాత ఆరు నెలలు ఆగమంటారు, అది అయిపోయింది, కానీ ఇప్పుడే వద్దు. టీఎస్‌హెచ్ కుదురుగా, 2.5 లోపు, కనీసం రెండు రిపోర్టుల్లో నిలబడ్డాక ప్లాన్ చేసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది నేను ప్రతి గ్రేవ్స్ పేషంటుకీ కాగితం మీద రాసి ఇస్తా. థైరాయిడ్ గ్రంథి పోయినా దాన్ని రెచ్చగొట్టిన యాంటీబాడీలు రక్తంలో ఉండిపోతాయి, రేడియో అయోడిన్ తర్వాత ఏడాది పైగా ఎక్కువగానే ఉండొచ్చు, అవి మావిలోంచి దాటి కడుపులో బిడ్డ థైరాయిడ్‌ని కూడా రెచ్చగొట్టగలవు, తల్లి రిపోర్టు చక్కగా ఉన్నా సరే. కాబట్టి గర్భం అని తెలియగానే ఆ యాంటీబాడీలని కొలిచే ట్రాబ్ అనే టెస్టు చేయించాలి, అది రేంజ్ పై గీతకి మూడు రెట్లు దాటితే బిడ్డ గుండె వేగాన్నీ ఎదుగుదలనీ స్కానింగుల్లో దగ్గరగా చూస్తారు. గైనకాలజిస్ట్‌కి మొదటి రోజే, నాకు గ్రేవ్స్‌కి రేడియో అయోడిన్ అయింది అని చెప్పాలి, థైరాయిడ్ ఉంది అని ఊరికే అంటే వాళ్ళు మామూలు హైపో అనుకుంటారు. అప్పటికి థైరాక్సిన్ (హైపోకి వేసుకునే హార్మోను మాత్ర) వాడుతుంటే గర్భం తెలిసిన వారంలోనే డోసు పెంచాల్సి వస్తుంది, మామూలుగా పావు వంతు నుంచి మూడో వంతు దాకా. ఇవన్నీ పాటించి చక్కటి పిల్లల్ని కన్నవాళ్ళు నా దగ్గర చాలామందే ఉన్నారు, భయపడాల్సింది లేదు, ముందే చెప్పుకోవడమే కావాలి.

థైరాక్సిన్ మొదలుపెడతారనే నా అంచనా. మొదలుపెడితే ఇది జబ్బు ఇంకోటి వచ్చింది అని ఆవిడ బాధపడకుండా చూడండి, ఒంట్లో తయారవ్వాల్సినదే బయట నుంచి వేసుకుంటోంది, అంతే. పరగడుపున మంచినీళ్ళతో, కాఫీ టీ కనీసం అరగంట తర్వాత, గంట అయితే ఇంకా మంచిది. కాల్షియం, ఐరన్ టాబ్లెట్లకి నాలుగు గంటల దూరం, మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకుంటే సరిపోతుంది. ఒకే కంపెనీది వాడండి, మందుల షాపు వాళ్ళు వేరేది అంటగడితే ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చూసుకోండి. సీసా స్టవ్ పక్క అల్మారాలో పెట్టొద్దు, వేడికీ తేమకీ పాడవుతుంది. డోసు మార్చిన ప్రతిసారీ ఆరు వారాలు ఆగాలి, రెండు వారాలకే ఏమీ మారలేదని కంగారు పడితే డోసు మీద డోసు పెరిగి మళ్ళీ దడ మొదలవుతుంది. నీరసం తగ్గాలని తనంతట తాను ఇంకో పాతిక మైక్రోగ్రాములు ఎక్కువ వేసుకోవడం చాలా చూశాను, ఎముకలూ గుండె రెండూ దెబ్బతింటాయి.

తిండి నియమాల గురించి మీరు రాసిన లిస్టులో చాలావరకు అక్కర్లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని తినొచ్చు. అయోడిన్ ఉప్పు మానక్కర్లేదు. సముద్రపు నాచు మాత్రలు, థైరాయిడ్ మూలికల పొడి అని అమ్మేవి మాత్రం ఇంట్లోకి రానివ్వకండి.

మీ ఆవిడ చెల్లెలికి కూడా ఈ మధ్యే గ్రేవ్స్ అని కార్బిమజోల్ మొదలుపెట్టారని రాశారు కదా, ఆ అమ్మాయికి ఒక్క మాట చేరవేయండి. జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుళ్ళు వస్తే ఆ పూటే టాబ్లెట్ ఆపి రక్తంలో తెల్లకణాలు చూపించుకోవాలి, రక్తకణాలన్నీ లెక్కపెట్టే సీబీపీ టెస్టు చాలు. చాలా అరుదుగా తెల్లకణాలు పూర్తిగా పడిపోతాయి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే, అప్పుడు మామూలు జ్వరమే అని పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. మూత్రం ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం కూడా అంతే.

ఇక మీరు చేయాల్సింది. జుట్టు టాబ్లెట్ ఈ రాత్రి నుంచే ఆపించండి, మల్టీవిటమిన్ వెనక కూడా బయోటిన్ ఉందేమో చదవండి. మూడు రోజులు పూర్తిగా గడిచాక నాలుగో రోజు ఉదయం, పోయినసారి ఇచ్చిన అదే ల్యాబ్‌లో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, సీబీపీ, బి12 ఇవ్వండి. ఆరోజు మంచం దిగకముందు మణికట్టు మీద వేళ్ళు పెట్టి నిమిషం నిండా పల్స్ లెక్కపెట్టి రాసుకోండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేవగలిగిందో అది కూడా అదే కాగితం మీద రాయండి. రేడియో అయోడిన్ ఇచ్చిన తేదీ, అప్పటి నుంచి ఉన్న టీఎస్‌హెచ్‌లన్నీ తేదీలతో ఒక వరసలో పెట్టి మీ డాక్టర్ గారి దగ్గరకి తీసుకెళ్ళండి, ఆరు నెలలు ఆగకుండా. నంబర్లు వచ్చాక ఇక్కడ కూడా రాయండి, ఫ్రీ టీ4 రేంజ్‌తో సహా, నేను చూసి చెప్తా.